కాకరకాయకు కాపలా

కాకరకాయ వేపుడంటే ఏడేళ్ల కుముదవల్లికి ఏడుపు. ఆ ఆదివారం అమ్మ వేపుడు గిన్నెను పూజగది గడప దగ్గర పెట్టి, కూతుర్నే కాపలా కూర్చోబెట్టింది.

“పెరుమాళ్ళకు ఆరగింపు అయ్యేదాకా ఎవురూ ముట్టకూడదు. సూస్తా ఉండు.”

అమ్మ అటు వెళ్లిందో లేదో, నాయన ముకుందం పిల్లిలా వచ్చి గిన్నె వైపు చెయ్యి చాచాడు.

“నాయనా! ఇంకా సామికే పెట్టలేదు!” కుముద చప్పున మూత వేసింది.

“ఒక్క ముక్కే తల్లీ. చంద్రగిరి సంతలో కొన్నప్పట్నించి మనసంతా దీనిమీదే ఉండాది.”

“అంత బాగుంటాదా?”

“తినేవాళ్లకు తెలుస్తాది. నీ వాటా కూడా నాకే పెట్టమని మీ అమ్మకు చెప్పినాను.”

కుముద గిన్నెను దగ్గరకు లాక్కుంది.

ముకుందం గంట వాయించి ఆరగింపు చేశాడు. తలుపు తెరవగానే అందరికంటే ముందు కుముదే ఆకు ముందు కూర్చుంది. మొదటి ముక్కకు మొహం చిట్లించింది. నాయన కూతురి ఆకువైపే చూస్తుంటే గబగబా రెండోది నమిలింది. తర్వాత అడిగి మరీ వేయించుకుంది.

చెయ్యి కడుక్కొని వచ్చి చూస్తే నాయన ఆకులో పప్పూ అన్నమే ఉన్నాయి. పాపం అనిపించింది. గిన్నెలో మిగిలిన వేపుడంతా ఆయన ఆకులో బోర్లించింది.

“ప్రసాదం నాయనా, ఒక్క ముక్క కూడా వదలగూడదు. రేపు కూడా చెయ్యమంటాలే అమ్మను.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లయ్యాక ముకుందం ఆకులో కాకరకాయ పడటం అదే మొదటిసారి.