ఆరున్నర రేడియో

"తాతగారూ! కాస్త సౌండ్ తగ్గించండి!"

సుమ్నిమా బాల్కనీలోంచి కిందికి వంగి గొంతు చించుకుని అరిచింది.

కింద పెరట్లో హిరామత్సు తాత కసరత్తు చేస్తున్నాడు. పక్కన రేడియో చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఉదయం ఆరున్నరకు జపాన్‌లో ముసలివాళ్ళంతా ఆ రేడియో కసరత్తు చేసేవాళ్ళే. కాకపోతే రేడియో వంగమన్నప్పుడు ఈయన నిటారుగా నిలబడతాడు, ఎగరమన్నప్పుడు మెడ తిప్పుతాడు.

తాత తలెత్తి చూసి, బోసినోరంతా తెరిచి నవ్వాడు.

"లేచావా అమ్మాయీ! పద పద, క్లాసుకి టైమవుతోంది!"

"సౌండ్ తగ్గించమంటున్నాను!"

తాత చెయ్యి ఊపి, నిమ్మకు నీరెత్తినట్టు మళ్ళీ కసరత్తులో పడ్డాడు.

ఎంత పొగరు ఈ ముసలాయనకి, అనుకుంది సుమ్నిమా. ఇక నిద్ర పట్టదు. తిట్టుకుంటూనే తన ఊరు ఇలాం నుంచి తెచ్చుకున్న టీ కాచుకుంది, తిట్టుకుంటూనే కొండ మీది యూనివర్సిటీకి బస్సెక్కింది.

నేపాల్ నుంచి ఈ బెప్పు ఊరికి వచ్చి ఏడాదైంది. ఏడాదిగా ఇదే వరస. పొద్దుగూకేదాకా చదువు, ఆ తర్వాత హోటల్లో గిన్నెలు కడగడం. చదువు వీసా మీద వచ్చినవాళ్ళు వారానికి ఇన్ని గంటలకు మించి పని చెయ్యకూడదని సర్కారు గీత గీసింది. ఆ గీత ఆమె ఎప్పుడూ దాటలేదు. మనిషి మంచిదే గాని, నిద్రలో మాత్రం కుంభకర్ణుడి చెల్లెలు.

ఆ రోజే ఇంటి యజమానురాలు నోగామి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మగారూ, ఆ రేడియో నావల్ల కాదు. మీరే చెప్పండి."

"చెబుతానులే. కానీ పేరు పెట్టి అనకూడదు. మా ఊళ్ళో అది మర్యాద కాదు."

మర్నాడు మెట్ల దగ్గర గోడకు ఒక కాగితం వెలసింది. 'ఉదయంపూట శబ్దం విషయంలో అందరూ కాస్త చూసుకోగలరు.' ఆ 'అందరూ' ఎవరో అందరికీ తెలుసు.

రేడియో ఆగిపోయింది.

సుమ్నిమాకు ప్రాణం లేచొచ్చింది. హాయిగా పడుకుంది. ఎంత హాయిగా అంటే, మొదటి క్లాసు అయిపోయాక లేచింది. మర్నాడూ అంతే. ఫోన్‌లో అలారం పెట్టుకుంది. కళ్ళు తెరవకుండానే దాని నోరు నొక్కేసి మళ్ళీ ముసుగుతన్నేది.

నెల తిరిగేసరికి విదేశీ విద్యార్థుల ఆఫీసు నుంచి కబురొచ్చింది. కావనో అనే ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఏంటమ్మా ఇది? క్లాసులకి రావడం లేదట!"

"నిద్ర పట్టేసిందండీ."

"నీ వీసా పొడిగింపు దగ్గర పడింది, గుర్తుందా? ఇమిగ్రేషన్ వాళ్ళు మొదట అడిగేది హాజరే. నిద్ర పట్టిందని చెబితే ఇంటికెళ్ళి పడుకోమంటారు. మీ ఇంటికి, నేపాల్‌లో!"

ఇంతదూరం వచ్చి చదివి, పట్టా లేకుండా ఏ మొహం పెట్టుకుని విమానం ఎక్కాలి, అనుకుంది సుమ్నిమా.

కావనో గొంతు తగ్గించింది. "అదృష్టవంతురాలివి. ఈ నెల తప్ప ఏడాదంతా ఒక్క క్లాసు పోలేదు. నేనిచ్చే కాగితంలో అదే రాస్తాను. ఇక ఒక్కరోజు కూడా మానకు."

మానలేదు. కూర్చునే కునికిపాట్లు పడింది గాని మానలేదు.

వీసా పొడిగించారు. కార్డు చేతికొచ్చిన రోజు సుమ్నిమా రోడ్డు మీదే చిన్నపిల్లలా గెంతింది. ఇంటికి వచ్చే దారిలో, బస్సులో, అప్పుడు తట్టింది. ఏడాదంతా ఒక్క క్లాసు పోలేదంటే అది తన గొప్పా? ఆ రేడియో గొప్ప!

సిగ్గేసింది. దిగీదిగగానే ఎర్రచిక్కుడు గింజల మిఠాయి పెట్టె ఒకటి కొని, రంగు కాగితం చుట్టించుకుని, తాత తలుపు తట్టింది. క్షమించమనాలి. రేడియో మళ్ళీ పెట్టుకోమనాలి.

తలుపు తియ్యలేదు. చప్పుడుకి నోగామి బయటికి వచ్చింది.

"హిరామత్సు గారి కోసమా? మొన్ననే కొడుకొచ్చి తీసుకెళ్ళాడమ్మా, ఒంట్లో బాగాలేదని. ఇక రారు."

సుమ్నిమా చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది.

"నా మీద కోపంగా వెళ్ళారా?"

"కోపమా! గోడ మీద కాగితం చూసి, 'నా రేడియో అంత గట్టిగా మోగుతోందా' అని అడిగాడు, పాపం. నీకు ముందు నీ గదిలో థావో అని వియత్నాం అమ్మాయి ఉండేది. నీలాగే నిద్రమొహం. క్లాసులు పోయి, వీసా పోయి, పెట్టె పట్టుకుని ఏడుస్తూ వెళ్ళిపోయింది. 'కిందే ఉండి లేపలేకపోయానే' అని ఆయన ఎంత బాధపడ్డాడో! నువ్వు దిగిన వారమే వెళ్ళి ఆ రేడియో కొనుక్కొచ్చాడు."

నోగామి లోపలికి వెళ్ళి రేడియో తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "నీకిచ్చి వెళ్ళాడు."

సుమ్నిమా కళ్ళు తుడుచుకుంది.

"నాకిచ్చేస్తే ఎలాగండీ? అక్కడ ఆయన పొద్దున్నే దేన్ని వింటూ కసరత్తు చేస్తారు?"

నోగామి ఆశ్చర్యంగా చూసింది.

"వినడమేంటమ్మా, ఆయనకి రెండు చెవులూ పోయి పదేళ్ళయింది కదా!"