నాలుగున్నర ఫోను

"మా అమ్మ పార్సిల్ పంపిందా?"

మంజుల ఇంకా గడప దాటనే లేదు. కోరుట్ల నుంచి తెచ్చిన ఆటో అప్పుడే వెనక్కి తిరుగుతోంది. పెద్ద పెట్టెకు విమానం వాళ్లు కట్టిన కాగితపు ముక్క అలాగే వేలాడుతోంది. దాన్ని చూసే ఏడేళ్ల అఖిల ఆ మాట అడిగింది. నువ్వెవరు అని అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. కోరుట్ల పక్కన ఇబ్రహీంపట్నం దిక్కు ఊళ్లలో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు పది గడపలు తొక్కాలి. ఒకరి అత్తరు, ఒకరి దుప్పటి, ఒకరి చాక్లెట్లు ఎవరివి వాళ్లకు అప్పజెప్పాలి. ఈ సంగతి అక్కడి పిల్లలకు ఎక్కాల కంటే ముందే వస్తుంది.

మంజుల పెట్టెను గడప లోపలికి జరిపింది.

"ఆ... పంపింది బిడ్డా" అంది చివరికి.

"కూసో ఆంటీ. అమ్మమ్మ లేదు. బీడీలు అప్పజెప్ప కార్ఖానకు పోయింది. నీ గొంతు గట్లైందేంది?"

"ఇమానంల సర్ది వట్టింది."

పెట్టె తెరుచుకుంది. చాక్లెట్లు, రంగు పెన్సిళ్లు, అడుగున గులాబీ గౌను. అఖిల ఒంటికి పెట్టి చూసుకుంటే అది మోకాళ్లకు జానెడు పైనే ఆగిపోయింది.

"అమ్మకు నా సైజు తెల్వది" అంది అఖిల పెద్దమనిషిలా సర్దిచెబుతూ. "నాయిన సచ్చిపోయినంక పోయింది. అప్పుడు నాకు రెండేండ్లే."

మంజుల గౌను మడత పెట్టింది. సరిగా రాలేదు. విప్పి మళ్లీ పెట్టింది.

"గది మా అమ్మ!" అఖిల గోడ మీది ఫోటో చూపించింది. నిండు బుగ్గల పెళ్లికూతురు. ముందుకు వేసుకున్న జడ మోకాళ్లను తాకుతోంది. "ఇప్పుడు గూడ జడ గంతే ఉన్నదా?"

మంజుల తలకు కట్టుకున్న స్కార్ఫు ముందుకు లాక్కుంది. గల్ఫ్ నీళ్లు ఎవరి జుట్టునూ ఉంచవు. ఆమెకూ మిగిలింది పిడికెడే.

"వీడియోల చూస్తలేవా?"

"కెమెరా పెడితె అమ్మ పని చేసే ఇంట్ల మేడం తిడతదట. ఉత్త మాటలే."

"మరి అమ్మ వస్తే గుర్తువడతవా?"

"ఎందుకు వట్ట? జడ చూస్తె సాలు." అఖిల చాక్లెట్ కాగితం విప్పుతూ ఆగింది. "కని నేనైతె రావొద్దనే చెప్త."

"ఎందుకు బిడ్డా?"

"వస్తె ఫోన్ చెయ్యదు గద! పక్కింటి రాకేశ్ వాళ్ల నాయిన దుబాయిల ఉన్నప్పుడు రోజు చేసేటోడు. ఇంటికచ్చినంక వానితోని మాట్లాడనే మాట్లాడడు."

ఏ తల్లీ వినకూడని మాట అది. మంజుల పొద్దున హైదరాబాదులో దిగగానే నెట్ వేయించుకున్న ఫోను తీసి టైము చూసింది. నాలుగుంబావు. మళ్లీ బ్యాగులో పెట్టేసింది.

పొయ్యి పక్కన మూత పెట్టిన కంచంలో అన్నం, పప్పు ఉన్నాయి.

"ఆకలైతలేదా? దా, నేను తినిపిస్త."

"వద్దు. నాలుగున్నరకు అమ్మ చేస్తది, మేడం పండుకున్నంక. ఒక ముద్ద తిను, ఇంకో ముద్ద తిను అంటది. గట్లయితెనే నాకు లోపలికి పోతది." అఖిల కాస్త ఆలోచించింది. "ఆ మేడం పిల్లలకైతె అమ్మ చెయ్యితోనే తినిపిస్తదట."

మంజుల కలిపిన ముద్ద కలిపినట్టే కంచంలో వదిలేసింది. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి చాలాసేపు అక్కడే నిలబడింది. తిరిగి వచ్చేసరికి అఖిల గోడ గడియారం కింద నిలబడి ఉంది.

"నాలుగున్నర దాటింది ఆంటీ. అమ్మ ఎన్నడు గింత లేటు చెయ్యదు." అఖిల మంజుల వైపు తిరిగింది. "నువ్వు అచ్చేటప్పుడు మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉన్నది..."

"మరి నువ్వెందుకు ఏడుస్తున్నవ్? నిజం చెప్పు, మా అమ్మకేమైంది?"

మంజుల రెండు చేతులూ చాచింది. అఖిల రెండడుగులు వెనక్కి వేసింది. కొత్తవాళ్ల దగ్గరికి పోవద్దని రోజూ ఫోన్లో చెప్పేది అమ్మే.

"నేనే చేస్త. ఎత్తినంక నీకు గూడ ఇస్త, మాట్లాడు" అంటూ అల్మారాలోంచి అమ్మమ్మ ఫోన్ తీసింది. రోజూ అమ్మ మాట్లాడే ఇమో యాప్ నొక్కి చెవికి ఆనించుకుంది. కంచం ఒళ్లోకి లాక్కుని, మొదటి ముద్ద చేతిలో పట్టుకుని ఎదురుచూసింది.

మంజుల బ్యాగులో ఫోను మోగింది.