ఖాళీ మేకు

“మామా! మ్యూజియమోళ్ళు ఫోన్ జేసిన్రు. నీ దగ్గరున్న గని బిళ్ళ ఎగ్జిబిషన్ల పెడ్తరట!” కొత్త కోడలు శ్రావణి గంతులేస్తూ వచ్చింది.

జంపయ్య ఆ ఇత్తడి బిళ్ళను గుప్పిట్లో దాచుకున్నాడు. “ఇయ్య. ఇది నా దోస్తు రాజలింగుది. గని దిగేటప్పుడు బోర్డు మీదికెళ్లి ఎవని బిళ్ళ వాడు తీస్కపోతం, పైకొచ్చి మళ్ల మేకుకు తగిలిస్తం. మేకు ఖాళీగుంటే మనిషింక కిందనే ఉన్నట్టు. గని కప్పు కూలిననాడు బండల సందులకెళ్లి ఇది నా చేతిల వెట్టిండు. ‘నువ్వు తగిలియ్, నేనొస్త’ అన్నడు. రాలే. నేను తగిలియ్యలే.”

శ్రావణి గంతులు ఆగిపోయాయి. మెల్లగా అంది: “ఆ బోర్డు గూడ మ్యూజియంలనే ఉందట మామా. ఒక్క మేకే ఖాళీ ఉందట. అందుకే ఈ బిళ్ళ అడిగిన్రు.”

ముప్పై ఏళ్ళ గుప్పిట విచ్చుకుంది.

“రేపు పొద్దుగాల్నే ఆటో మాట్లాడు బిడ్డా. రాజలింగును పైకి తెద్దాం.”