ఇంకో రెండాకులు

అబిగయీలు పెట్టె మూత తీసి లోపలికి చూసింది.

పొద్దున పచ్చగా పెళపెళలాడుతున్న లెట్యూస్ ఆకులు ఇప్పుడు నల్లబడి, ఉడకబెట్టిన బచ్చలికూరలా ఐసుకు అతుక్కుపోయి ఉన్నాయి.

అది మొగుడు హెన్రీ చేసిన ఘనకార్యం. రొయ్యల చెరువుల మధ్య పుట్టి పెరిగిన మనిషి. ఏది చెడిపోకుండా ఉండాలన్నా ఐసులో పూడ్చిపెట్టడమే ఆయనకు తెలిసిన వైద్యం. పాపం, రొయ్యలకు వేసినట్టే ఆకులకు కూడా కిందా పైనా దిట్టంగా ఐసు కొట్టి పోశాడు.

"రొయ్యలు బాగుండాయి కదా," అన్నాడు బిక్కమొహంతో.

"వాటిని దేంట్లో చుట్టేది, నీ చొక్కాలోనా?"

ఆ రోజు మైపాడు బీచ్‌లో రొయ్యల వంటల పోటీ. గెలిచినవాళ్ళకు సీజనంతా సముద్రం ఒడ్డున ఒక అంగడి ఇస్తామని రొయ్యల రైతుల సంఘం ప్రకటించింది. తెగులు తగిలి హెన్రీ చెరువులో వరసగా రెండో పంట కూడా పోయింది. ఇల్లు గడవాలంటే ఆ అంగడి రావలసిందే. అందరిలా వేపుళ్ళూ ఇగుర్లూ కాకుండా, లెట్యూస్ ఆకులో రొయ్యలు చుట్టి ర్యాప్‌లు పెట్టాలని అబిగయీలు పట్టు పట్టింది. నెల్లాళ్ళుగా ఇంటిల్లిపాదికీ అవే తినిపించింది.

న్యాయనిర్ణేతలు అప్పుడే మొదటి బల్ల దగ్గరికి వచ్చేశారు. నెల్లూరు పోయి ఆకులు తెచ్చే వ్యవధి లేదు.

"ఏందమ్మే, అట్ట నిలబడిపోయినావు?"

ఎవరో పెద్దామె. నూలుచీర కొంగు నడుముకు దోపుకుని, చేతిలో గుడ్డతో నిలబడి ఉంది. బల్లలు తుడవడానికి సంఘంవాళ్ళు కొందరు ఆడవాళ్ళను పెట్టారు. వాళ్ళలో ఒకామె కాబోలనుకుంది అబిగయీలు.

ఆమె పెట్టెలోకి తొంగిచూసి అయ్యో అనుకుంది. తర్వాత ఎవర్నీ అడక్కుండానే గిన్నెలోంచి ఒక రొయ్య తీసి నోట్లో వేసుకుంది. నమిలి, కళ్ళు మూసుకుని, మళ్ళీ నెమ్మదిగా నమిలింది.

"పచ్చి చింతకాయ నూరి ఏసినావా?"

అవునని తలూపింది అబిగయీలు.

"ఇది గెలవాల."

అంతే, గబగబా వెళ్ళి తడిగుడ్డ కప్పిన బుట్ట ఒకటి తెచ్చింది. గుడ్డ తీస్తే లోపల లేత లెట్యూస్. సంఘంవాళ్ళు అవసరానికని ఉంచినవేమో అనుకుంది అబిగయీలు. పోయిన ప్రాణం లేచి వచ్చినప్పుడు ఎక్కడిదని ఎవరడుగుతారు?

ఇక చూడాలి వాళ్ళిద్దరి జోరు. పై ఆకులు ముదురు, మడిస్తే చిట్లుతాయి. మరీ లోపలివి చిన్నవి, పిడికెడు రొయ్యలకు కూడా చాలవు. ఆ రెండింటికీ మధ్య ఉన్నవే దొప్పల్లా వంగి చక్కగా ఒదుగుతాయి. పెద్దామె వాటిని ఏరి, మొదలు దగ్గర లావుగా ఉన్న ఈనె కోసేసి, తడి తుడిచి అందిస్తోంది. అబిగయీలు రొయ్యలు పెట్టి చుట్టి పుల్ల గుచ్చుతోంది. హెన్రీని మాత్రం ఇద్దరూ దేన్నీ ముట్టుకోనివ్వలేదు.

న్యాయనిర్ణేతలు వచ్చారు. కరకరా కొరికారు. ఒకాయన మొహమాటపడుతూనే రెండోది అడిగి తీసుకున్నాడు. అది చూసి జనం ఎగబడ్డారు. జనం మెప్పుకు కూడా మార్కులుండటంతో అబిగయీలుకు ఎక్కడలేని హుషారొచ్చింది.

"అక్కా, ఇంకో రెండాకులు."

ఇచ్చింది.

"ఇంకో రెండక్కా, బిన్నా, జనం ఆగేటట్టు లేరు."

ఆమె ఒక్క క్షణం బుట్టలోకి చూసుకుంది. తర్వాత అవీ ఇచ్చింది.

"అడుగునుండేవి కూడా ఇట్టియ్యక్కా. అట్నే ఆ ప్లేట్లు కూడా తీసెయ్యి."

ఆమె నవ్వింది. ఆకులు ఇచ్చి, ప్లేట్లు కూడా తీసింది. పోతున్నానని ఏదో అంది కానీ, ఆ సందడిలో అబిగయీలు వినిపించుకోలేదు.

కాసేపటికి సంఘం కార్యదర్శి నరేంద్రబాబు మైకులో మొదటి బహుమతి అబిగయీలుదని చెప్పాడు. హెన్రీ చెప్పులు వదిలేసి ఇసుకలో గంతులేశాడు. అబిగయీలు నవ్వుతూ ఏడ్చింది, దేవునికి స్తోత్రమంది, ఎదురొచ్చిన వాళ్ళందర్నీ కావలించుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది పెద్దామె. బీచంతా వెతికినా ఎక్కడా కనబడలేదు.

నరేంద్రబాబు దగ్గరికి పరుగెత్తింది. బల్లలు తుడిచేదానికి మీరు పెట్టిన, ఇందాక నాకు ఆకులందించిన నూలుచీర అక్క ఎక్కడుందని అడిగింది. ఆమె చెయ్యి మంచిదని, తన అంగడిలో పనికి పెట్టుకుంటానని, అడిగినంత జీతం ఇస్తానని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

నరేంద్రబాబు ఆమె వంక అదోలా చూశాడు.

"వెంకటశేషమ్మ గారు పనికొచ్చిన మనిషి కాదమ్మా, నీ మాదిరే ఈ అంగడి కోసమని, ఆకుల్లోనే రొయ్యలు చుట్టి పెడతానని పోటీకొచ్చినామె, తీరా జడ్జీలు తన బల్ల కాడికి పోయేసరికి చుట్టేదానికి ఒక్కాకైనా లేదని చెప్పి ఇప్పుడే బుచ్చిరెడ్డిపాలెం బస్సెక్కింది."