పాలవేళ

ఇంటర్వ్యూ మధ్యలో కూతురు ధరణి లేచి వెళ్ళిపోతుందని సింహాచలం కలలో కూడా అనుకోలేదు.

ఇప్పుడు గుండెజబ్బు మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఫ్రిజ్ పక్కన ఒక పెట్టె ఉంటోంది. ఆ మనిషి గుండె కణాలు అందులో పెరుగుతాయి. ఏ మందైనా ముందు వాటిమీద వేసి చూడాల్సిందే. వాటికి పోషక ద్రవం మార్చడాన్ని అందరూ పాలు పట్టడమనే అంటారు. డిగ్రీ ఏడాది ముందే ముగించడం కూడా ఇప్పుడు మామూలే. ధరణీ అలాగే ముగించి, మిగిలిన కాలమంతా ఎదురింటి పైడమ్మ పెట్టె దగ్గరే గడిపింది. ఈ రోజు, వైద్యమూ పరిశోధనా కలిపి నేర్పే కోర్సుకు తెరమీద ఇంటర్వ్యూ.

"అందరూ ముందే ముగిస్తున్నారు. నీకెందుకమ్మా అంత తొందర?" అడిగారు పెద్ద డాక్టరమ్మ.

"పైడమ్మత్త గుండె నా పరీక్షలయ్యేదాకా ఆగదు కదండీ. మొదటిసారి పాలు ఆలస్యం చేసి కణాలన్నీ చంపేశాను. మళ్ళీ మొదట్నుంచి పెంచుతున్నాను."

అంతలో ఎదురింట్లో పెట్టె మోగింది.

"పాలవేళండి, ఇప్పుడే వస్తాను" అంటూ ధరణి చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

సింహాచలం గబగబా తెరముందుకొచ్చి చేతులు జోడించాడు.

"తప్పైపోనాదండి. ఒక్క నిమిషంలో పిల్చుకొచ్చెత్తాను."

డాక్టరమ్మ పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు.

"పిలవకండి. అడగాల్సినవేం మిగల్లేదు, సీటు ఇచ్చేశాం. తొందరేం లేదు, పాలు పట్టాకే రమ్మనండి."