బర్గండీ కూర

"ఎల్లుండి అమ్మ వస్తోంది. మా బర్గండీ కూర వండాలి. కొంచెం తేడా వచ్చినా ఆమె పట్టేస్తుంది" అంటూ మార్సెల్ వంటింటి గట్టు మీద ఒక సీసా పెట్టాడు.

ఎర్రటి వైన్. ఫ్రాన్సులోని బర్గండీలో వాళ్ళ సొంత ద్రాక్షతోటది.

మార్సెల్ మస్కట్‌లో ఇంజనీరు. ఊరి సంగతి ఎత్తితే ఆగడు. "మా దగ్గర కొండవాలుకో రుచి. గట్టుకు ఇటు తోట వైను అటు తోట వైనులా ఉండదు. ద్రాక్ష కోతలు ముగిసిన రోజు కూలీలందరికీ ఈ కూర మా అమ్మే వండి పెడుతుంది. మాంసంలో సీసా మొత్తం పోస్తేనే ఆ రుచి. ఒక్క చుక్క మిగల్చకు!"

వంటమనిషి అక్తరీ బేగం తల ఊపింది. కడప నుంచి వచ్చి మూడేళ్ళయింది. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. ఆ సీసా ముట్టుకోవడం ఆమె వల్ల కాదు. ఆ మాట సాబ్‌తో చెప్పడమూ ఆమె వల్ల కాదు. ఆమెకు ముందున్న వంటమనిషి అలాగే చెప్పి, వారం తిరక్కుండా వీసా కాన్సిలై ఇంటికి పోయాడు.

"ఏం చేసేది భాయ్?" అని డ్రైవర్ ఖాదర్‌వలిని అడిగింది. అతనిది రాయచోటి. పన్నెండేళ్ళుగా ఫ్రెంచివాళ్ళ బండ్లు తోలి, వాళ్ళ భాష కూడా పట్టేశాడు.

"చేసేదేముంది ఆపా? కూర ఎర్రగా ఉండాల, పుల్లగా ఉండాల. కడపోళ్ళకు పులుపు నేర్పేదానికి ఫ్రాన్సు నుంచి రావల్నా?"

సాబ్ తల్లి వచ్చే రోజు పొద్దున్నే సీసా తీసుకుపోయి పెరట్లో ఇసుకలో ఒంపేశాడు. ఖాళీ సీసా సాబ్‌కు కనపడేలా గట్టు మీద పెట్టాడు.

అక్తరీ దానిమ్మ గింజలు పిండి రసం తీసింది. కాస్త చింతపండు, నాలుగు ఖర్జూరాలు, నల్లగా ఎండిన ఒమానీ నిమ్మకాయ ఒకటి వేసింది. మూడు గంటలు సన్నసెగ మీద ఉడికించింది.

మధ్యాహ్నం భోజనానికి ఆఫీసు మిత్రులు నలుగురు వచ్చారు. మార్సెల్ తల్లి, డెబ్బై ఏళ్ళ పెద్దావిడ, నిటారుగా కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తలుపు చాటున అక్తరీ పెదవులు దువా చదువుతున్నాయి.

పెద్దావిడ కళ్ళు తెరిచి ఏదో అంది.

"అచ్చం ఆయమ్మ వండినట్టే ఉందంట!" ఖాదర్‌వలి చెవిలో ఊదాడు.

మార్సెల్ ఉబ్బిపోయాడు. "చూశారా! ఎక్కడ వండినా మా తోట వైను మా తోట వైనే!"

తల్లీకొడుకులు చేతులు పైకెత్తి, అరచేతులు గిరగిరా తిప్పుతూ వాళ్ళ ఊరి పాట అందుకున్నారు. సంతోషమొస్తే అక్కడ అదే ఆనవాయితీ. మిత్రులూ తిప్పారు. తలుపు చాటున ఖాదర్‌వలి కూడా తిప్పాడు.

మిత్రులను సాగనంపడానికి మార్సెల్ బయటికి వెళ్ళాడు. పెద్దావిడ నేరుగా వంటింట్లోకి వచ్చి తలుపేసింది. గిన్నె మీదికి వంగి వాసన చూసింది. ఒక్క మాట అంది.

ఖాదర్‌వలి ముఖం పాలిపోయింది. "దీంట్లో చుక్క వైను కూడా లేదంటాంది, ఆపా."

అక్తరీ చేతిలోంచి గరిటె జారింది. "నిజమేనని చెప్పు భాయ్. వైను ముట్టేది మా దీన్‌లో, మా మతంలో లేదని చెప్పు. సాబ్‌కు చెప్పొద్దను. ఇద్దరు బిడ్డల చదువులు ఈ పని మీదే ఉండాయి."

అతను చెప్పాడు. పెద్దావిడ ఇంకేదో అడిగింది.

"మరి సీసా ఏం చేసినారంటాంది."

"ఇసుకలో పోసినామని చెప్పు."

అది వినగానే పెద్దావిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. తలుపు వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించి గబగబా ఏదో చెప్పింది. ఖాదర్‌వలి గోడకు ఆనుకుని, నవ్వు ఆపుకోలేక, ఆగి ఆగి చెప్పాడు:

"ఇసుక పాలు ఎందుకు చేసినావే పిచ్చిదానా, నలభై ఏండ్లుగా నేనూ కూరలో ఆల్‌బుఖారా పండ్ల రసమే పోసి, సీసా మొత్తం తలుపేసుకుని నేనే తాగుతుండా అంటాంది!"