చుట్టం తెచ్చిన వడ్లు

పొద్దు గూకే వేళ ముసలామె వాకిట్లో నిలబడింది.

కాళ్ళకు చెప్పుల్లేవు. పిక్కల దాకా బురద. నెత్తిన చిన్న మూట.

"సిర్రే ఇల్లు ఇదేనా తల్లీ?"

"ఇదే అవ్వా. సిర్రేని నేనే. రా, కూర్చో."

నోరు అలా అన్నది గానీ సిర్రే చూపు పొయ్యి వైపు పోయింది. ఇంట్లో ఇప్పటికే పదకొండు నోళ్ళు. పొయ్యి మీద జొన్నగంజి, అదీ పలుచగా. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మూడేళ్ళ కిందట కట్ట తెగి సముద్రపు పోటు పొలాల్లోకి వచ్చింది. అప్పట్నుంచి మళ్ళ నిండా ఉప్పు. పట్నం ఆఫీసరు మూడు నెలల్లో పండే పొట్టి వరి ఇచ్చి, ఫోటో తీసుకుని వెళ్ళాడు. సగం ఉప్పుకి మాడింది. మిగిలిన సగం తొందరపడి ముందే పండితే, మేయడానికి వేరే చేను లేని పిట్టలన్నీ దాని మీదే వాలాయి.

ఉప్పునేలలో నిలిచే పాత వడ్లు ఎవరిదగ్గరైనా ఉంటే పంపమని సిర్రే చేపలమ్మేవాళ్ళతో ఊరూరా కబురు పెట్టింది. ఏదో ఒక పడవలో బస్తా దిగకపోదా అని రెండు నెలలుగా రేవు వైపే చూస్తోంది. ఈ వానలకి నారు పోయకపోతే ఊరు విడిచి పోవడమే.

ముసలామె రేవు వైపు నుంచి రాలేదు. అడవిదారిన నడిచి వచ్చింది.

"సిలఫాండో" అంటూ మూట సిర్రే చేతిలో పెట్టింది. దారి నడిచి వచ్చిన చుట్టం ఇంటివాళ్ళకిచ్చే కానుక అది. "నీకోసమే తెచ్చాను. పొద్దున మాట్లాడుకుందాం తల్లీ. ఒళ్ళు తూలుతోంది."

చుట్టం తిని, పడుకుని, లేవకముందే వచ్చిన పని అడగడం అక్కడ మొరటుతనం. చుట్టం తనంతట తాను చెప్పడం ఇంకా మొరటు. ముసలామె నాలుగు గుక్కల గంజి తాగి చాప మీద ఒరిగింది.

తోడికోడలు తీదా మూట విప్పింది.

"వడ్లక్కా. దంచే ఓపిక కూడా లేదు కాబోలు మహాతల్లికి."

"మెల్లగా అను. వింటుంది."

"విననీ. ఆకలి నెలల్లో ఇల్లు వెతుక్కుంటూ వచ్చే చుట్టానికి చెవులేం పనిచేస్తాయి, పొట్టే పనిచేస్తుంది."

సిర్రేకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు.

చుట్టం తెచ్చిన గింజని దాచుకోకూడదని ఆ ఇంట్లో పట్టింపు. తెల్లారేసరికి వండి, ముందు చుట్టానికే వడ్డించాలి. దాచుకున్న ఇంటికి ఊళ్ళో పరువుండదు. తొలికోడి కూయగానే ఇద్దరూ రోకళ్ళు పట్టారు.

పొట్టు కింద బియ్యం ఎర్రగా బయటపడింది.

"చిన్నదానికి జ్వరంగా ఉంది. రేపటికి ఒక గుప్పెడు వడ్లు ఉంచనా?" అంది సిర్రే.

"చుట్టం కానుకలో దొంగతనమా అక్కా?"

సిర్రే సిగ్గుపడి, గుప్పెట్లో వడ్లు మళ్ళీ రోట్లో వేసింది.

ఎండుచేప వేసి వండిన ఆ అన్నానికి పిల్లలు కళ్ళు నులుముకుంటూ లేచి వచ్చారు. అంత రుచిగల అన్నం ఆ ఇల్లు ఎరిగి మూడేళ్ళయింది. గుప్పెడు తింటే కడుపులో నిలిచే అన్నం.

గిన్నె చూసి ముసలామె చెయ్యి ఆగిపోయింది.

"ఇవి ఎక్కడి బియ్యం తల్లీ?"

"నువ్వు తెచ్చినవే అవ్వా."

"అన్నీ వండారా?"

"అన్నీ. ఒక్క గింజ దాచలేదు. ఈ ఇంటికి ఆ మర్యాద తెలుసు."

ముసలామె వేళ్ళు నాకుతున్న పిల్లల వంక చాలాసేపు చూసింది. తర్వాత ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది.

"బాగా వండావు."

"ఇంతకీ ఏం పని మీద వచ్చావవ్వా?"

"పనేం లేదు. మీరు ఎలా ఉన్నారో చూసి పోదామని."

"ఎండ తగ్గాక వెళ్దువు గాని. రెండు రోజులు ఉండరాదూ?"

"లేదు తల్లీ. నా కూతురు ఎదురుచూస్తుంది."

ఖాళీ గుడ్డ మడిచి నడుముకి కట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

"ఉండిపోతుందేమో అని హడలి చచ్చాను. బతికించింది" అంది తీదా.

సిర్రే ఆమెని కసిరింది గానీ, తన మనసులో ఉన్నదీ అదే.

ఇరవై రోజులకి, ముసురులో తడుస్తూ, నడివయసు ఆడమనిషి ఒకామె వచ్చింది. పేరు ఫెండా అంది. మొహంలో ముసలామె పోలికలు కనిపించి సిర్రే ఆదరంగా పీట వేసింది.

"అవ్వ బాగుందా?"

"పోయిందక్కా. మీ ఇంటి నుంచి జ్వరంతోనే వచ్చింది. మూడో రోజు పోయింది."

సిర్రేకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎండలో అంత దూరం పంపించేశామే అని బాధపడింది.

"మా గురించి ఏమన్నా చెప్పిందా?"

"మంచివాళ్ళంది. కడుపునిండా పెట్టారంది. తెచ్చిందంతా తీసుకున్నారంది."

తీదా తల దించుకుంది.

"కాళ్ళు కడుక్కో చెల్లీ. గంజి కాస్తాను" అంది సిర్రే.

"వద్దక్కా. తిని పడుకుని లేచాక చెప్పాల్సిన మాటే, నాకూ తెలుసు. కానీ అదును దాటిపోతోంది."

"చెప్పమ్మా."

ఫెండా కొంగు పిండుకుని, అడగటానికి మొహమాటపడుతూ పెరటి మళ్ళ వైపు చూసింది.

"ఉప్పునేలకి వడ్లు కావాలన్న మీ కబురు అందిన రోజే మా అమ్మ గాదె తెరిచి సగం విత్తనం మీకు మూటకట్టింది, మేం పోసుకున్న సగం మొన్నటి వరదకి కొట్టుకుపోయింది, ఇక ఆ వరి ఉంటే మీ దగ్గరే ఉండాలి, మీ నారుమడిలోంచి రెండు కట్టలు తీసుకుపోదామని వచ్చానక్కా."